సైకిలు గాగుల్స్, సంఘ ప్రార్థన

ఆ రోజుల్ల హైదరాబాదుల సైకిలు తొక్కెటోళ్ళు రెండే రకాలు. పైసలు లేక తొక్కెటోళ్ళు, పైసలు ఎక్కువై తొక్కెటోళ్ళు. (ఆ రోజుల్ల అంటున్న గని మరీ ఎనుకటి ముచ్చటేం కాదు, ఉప్పల్‌కు మెట్రో వచ్చినంకటి ముచ్చటే.) మొదటి రకపోళ్ళు క్యారియర్ మీద పాలక్యాన్లో, కూరగాయల సంచో కట్టుకోని, ఎవరి దిక్కు చూడకుంట పోతుండె. రెండో రకపోళ్ళు తెల్లారంగనే ఒంటికి అతుక్కున్న రంగురంగుల బనీన్లేసుకోని, కండ్లకు మిలమిల మెరిసె అద్దాలు పెట్టుకోని, గుంపుగ పోచారం దాక పోయి ఇడ్లీ తిని తిరిగొస్తుండె. నేను మొదటి రకంల పుట్టి, రెండో రకం లెక్క కనపడాలని మోజుపడ్డ మనిషిని. నా కష్టాలన్నీ అక్కడ్నే షురువైనయి.

మాది జనగామ దిక్కు ఊరు. డిగ్రీల కెమిస్ట్రీ చదివిన్నని నాచారంల ఒక మందు గోలీల కంపెనీ నన్ను ల్యాబుల ట్రైనీగ తీసుకున్నది. ఉండుడు ఉప్పల్‌ల, మా అక్కా బావల ఇంట్ల. బావకు పొట్ట తగ్గాలని డాక్టరు చెప్తె గేరు సైకిలు కొన్నడట. ఓ వారం తొక్కిండు. పొట్ట తగ్గలె గని మోకాళ్ళు నొచ్చినయి. అప్పటి సంది ఆ సైకిలు బాల్కనీల నిలబడి అక్క ఆరేసిన బట్టలు మోస్తుండె. బస్సుల నిలబడి నిలబడి యాష్టకొచ్చిన నేను ఒకనాడు దాని మీది తువ్వాలలు, లంగాలు తీసి పక్కకు పెట్టి, గాలి కొట్టిచ్చి, రోడ్డెక్కిచ్చిన. బావ మస్తు సంబురపడ్డడు. "పోనీ, కొన్నందుకు ఇంట్ల ఎవని పొట్టన్న తగ్గుతది" అన్నడు. నాకసలు పొట్టనే లేకుండె.

సైకిలు తొక్కుడు ఏం కష్టం కాదు. కష్టమంత కండ్లకే. ఉప్పల్ రోడ్డు మీద ఫ్లైఓవరు కోసం పిల్లర్లు లేస్తుండె. అవి లేస్తనే ఉన్నయి, వాటితోటి దుమ్ము కూడ లేస్తనే ఉన్నది. పొద్దున పోంగ ఇసుక లారీల ఎనుక దుమ్ము, సాయంత్రం రాంగ నాచారం చెరువు దగ్గర మొఖం మీదికి గుంపులు గుంపులుగ వచ్చె సన్నటి పురుగులు. ఒక కన్ను మూసి ఒక కంటితోటి తొక్కుడు నేర్చుకున్న. దాంతోటి ఇంకో తిప్పలొచ్చింది. ఒకనాడు బస్‌స్టాపుల నిలబడ్డ ఒక పెద్దమ్మ, "ఆడపిల్లలున్న జాగల కన్ను కొడుతున్నవా?" అని చేతిల ఉన్న సొరకాయ లేపింది. ఆ సొరకాయ బరువెంత ఉంటదో చూసి, రెండు కండ్లూ తెరుచుకోని పోయిన.

ఇట్ల రెండు కండ్లూ తెరిచి తొక్కినందుకు ల్యాబుకు పోయెసరికి అవి జాజు పూసినట్టు ఎర్రగ అయితుండె. మా ల్యాబు పెద్దసారు ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచి, మొఖంల మొఖం పెట్టి చూసిండు.

"రాత్రి ఏం తాగినవ్?"

"మజ్జిగ సార్."

"మజ్జిగ తాగితె కండ్లు గిట్లయితయా?"

ఆయనకెట్ల చెప్పాలె. మా ఇంట్ల దగ్గు మందు తాగాలన్నా, మా అమ్మ సీసా మీద రాసిందంత చదివిచ్చుకోని, అండ్ల మత్తు లేదని తేలినంకనే మూత తీయనిస్తది. సారు ఒప్పుకోలె. మందులు తయారయ్యె జాగ, కండ్లు ఎర్రగున్నోళ్ళను లోపలికి రానియ్యద్దన్నడు. నన్ను కంపెనీ దవాఖానాకు పంపిండు. అక్కడి నర్సమ్మ చుక్కల మందేసి ఇంటికి పొమ్మన్నది. ఇట్ల మళ్ళా మళ్ళా అయింది. ట్రైనింగు అయిపోవస్తున్నది, పర్మనెంటు చేసుడా ఇంటికి పంపుడా అనేది పెద్దసారు చేతుల్లనే ఉన్నది. బుగులు పట్టుకున్నది నాకు.

నౌకరి ఒక్కదాని బుగులే అయితె ఎట్లనో ఓర్చుకుందు. ఆదివారం మేం పొయ్యె చర్చి నాచారంల ఉండె. అక్కడ పాటలకు కీబోర్డు వాయించె పిల్ల ఒకామె ఉండె. లాలాపేట్‌ల చిన్నపిల్లల బడిల టీచరు. మా అక్క ఆమెను చూసి, నన్ను చూసి, పాస్టరమ్మగారి చెవిల ఒక మాటేసింది. పాస్టరమ్మగారు ఆ పిల్ల నాయిన చెవిల ఏసింది. ఆయన ఆర్టీసీల కండక్టరుగ చేసి రిటైరైన మనిషి. అందరు ఆయన్ను కండక్టరు మామ అంటుండె. కండక్టరు మామ, "పిలగాడు నెమ్మదస్తుడే. నౌకరి పర్మనెంటు కానియ్యున్రి, మాట్లాడుదం" అన్నడు. అంటె ఏమైంది? నా నౌకరి, నా పెండ్లి రెండూ ఉప్పల్ దుమ్ము చేతుల చిక్కినయి.

కండ్లకు అద్దాలు కావాలె. ముందుగాల పైస ఖర్చు లేకుంట పుక్యానికి అయితదేమోనని బావ స్కూటరు హెల్మెట్ పెట్టుకోని సైకిలు తొక్కిన. చౌరస్తా దాటెసరికి లోపల ఇడ్లీ పాత్ర లెక్క ఆవిరి కమ్మింది. ముందున్నది బస్సో, గోడో తెలుస్తలేదు. అద్దం ఎత్తితె దుమ్ము, దించితె ఆవిరి. ఎత్తుకుంట దించుకుంట పోతుంటె, నేను సలాము చేస్తున్న అనుకోని ఒక ట్రాఫిక్ పోలీసాయన తిరిగి సలాము చేసిండు.

తర్వాత ఒక శనివారం పొద్దున, ఆ పోచారం గుంపు చాయ్ దగ్గర ఆగితె, ధైర్యం చేసి అండ్ల ఒకాయన్ను అడిగిన. సాఫ్ట్‌వేర్ అన్న, మంచోడు. అద్దాలు తీసి నా చేతిల పెట్టి, ఎండకు నల్లగైతయి, నీడకు తెల్లగైతయి, చెమట అంటదు, కింద పడ్డా పలగయి అని అన్నీ వివరంగ చెప్పిండు. ధర కూడ చెప్పిండు. అది నా నెల జీతం పక్కన నిలబడితె నా జీతమే పొట్టిగ కనపడ్డది. నేను ఆ అద్దాలను బాలింత ఇంటికి పోయినప్పుడు పసిపిల్లను తిరిగిచ్చినట్టు, రెండు చేతులతోటి ఆయన చేతుల పెట్టి, "మస్తున్నయన్న" అని సైకిలెక్కిన.

ఇగ మిగిలింది ఉప్పల్ రింగురోడ్డు ఫుట్‌పాత్. అక్కడ ఒక చష్మాల భాయ్ అట్టముక్కకు నిండ గాగుల్స్ కుచ్చి అమ్ముతుండె.

"తీస్కో భాయ్. ఎండకు పనిజేస్తయి, దుమ్ముకు పనిజేస్తయి, అన్నిటికి పనిజేస్తయి" అన్నడు.

"అన్నిటికి అంటె?"

"అన్నిటికి అంటె అన్నిటికి." ఇట్లని జేబుల నుంచి ఒక కార్డు తీసిండు. "మామూలు కంటికి ఇండ్ల ఏం కనపడది. మా అద్దాలు పెడితెనే లోపల నీళ్ళల్ల ఈదె చాప కనపడతది. గదే అసలు మాలుకు పరీక్ష."

నాకు అద్దాలు పెట్టుకోకముందే చాప కనపడ్డది. ఆ మాటే చెప్పిన. ఆయన కార్డును ఒకసారి తిప్పి చూసుకోని, ఏమాత్రం తొణకకుంట, "నీ కండ్లు మంచివి భాయ్" అన్నడు. అంత మర్యాదగ మాట్లాడిన మనిషి దగ్గర కొనకుంట ఎట్ల వస్తం? నెమలి మెడ రంగుల తళతళలాడె ఒక జత కొన్న. కుడి కంటి అద్దం మూలకు యూవీ అని, పక్కన ఏదో అంకె అచ్చేసిన గుండ్రటి స్టిక్కరున్నది. ఇంటికి పోయి దాన్ని పీకబోతుంటె బావ నా చెయ్యి పట్టుకున్నడు.

"పీకకు. స్టిక్కరు పోతె గ్యారంటీ పోతది."

ఫుట్‌పాత్ మీద కొన్నదానికి గ్యారంటీ ఏందని నేనడగలె. బావ ఇంట్ల టీవీ రిమోటుకు, సోఫాకు, ఆఖరికి గోడగడియారానికి కూడ ప్లాస్టిక్ కవరు తీయని మనిషి. ఆయన ఇంట్ల ఉండుకుంట, ఆయన సైకిలు తొక్కుకుంట, ఆయన మాట కాదంటె బాగుండదని స్టిక్కరు అట్లనే ఉంచిన.

ఆ అద్దాలు పెట్టుకోని రోడ్డెక్కితె, అబ్బో, నా అంత మొనగాడు లేడనిపించింది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగితె పక్క ఆటో ఆయన నా మొఖంలకే సూటిగ చూస్తున్నడు. ఏదన్న అడుగుతడేమో అనుకున్న. ఆయన జేబుల నుంచి చిన్న దువ్వెన తీసి, నా అద్దాల్ల చూసుకుంట మీసాలు దువ్వుకోని, "జర ఇటు తిరుగన్న" అని రెండో దిక్కు కూడ దువ్వుకున్నడు. పచ్చ లైటు పడ్డది. ఇద్దరం ఎవరి తొవ్వల వాళ్ళం పోయినం.

చూపుకు అంత మంచిగున్నయి గని, పనికి మాత్రం రాలె. అద్దాలు రేకు లెక్క చదునుగున్నయి, పక్కల నుంచి దుమ్ము దర్జాగ లోపలికొస్తుండె, ఒకసారొస్తె బయటికి పోతలేకుండె. మెట్రో కిందికి పోతె చిమ్మచీకటి. కండ్లు ముందటికంటె ఎక్కువ ఎర్రబడ్డయి. ఎర్ర కండ్లు కనపడకుంట ఇంట్ల కూడ అవే అద్దాలు పెట్టుకోని తిరుగుడు మొదలువెట్టిన.

మా అక్కకు పాణం ఆగలె. శుక్రవారం స్త్రీల కూటంల లేచి నిలబడి, "మా తమ్ముని కండ్ల కోసం ప్రార్థన చేయున్రి. ఇంట్ల కూడ నల్లద్దాలు పెట్టుకోని తిరుగుతున్నడు, నాకు భయమైతున్నది" అని మనవి చేసిందట. ఆమె చెప్పింది గంతే. ఆ మాట కూటం నుంచి చెప్పుల దగ్గరికి, చెప్పుల దగ్గర నుంచి గేటు దాక, గేటు నుంచి నాచారం గల్లీల్లకు పొయ్యెసరికి, పాపం ఆ పిలగానికి చూపు పోతున్నదట అని అయింది. ఈ సంగతి నాకు గాని, అక్కకు గాని తెల్వదు.

ఆదివారం చర్చికి పోయిన. ఆ పొద్దు కండ్లు మరీ ఎర్రగుండె, కీబోర్డు పిల్ల ముందర ఆ కండ్లతోటి కూసుంటె ఏమనుకుంటదో అని అద్దాలు తీయకుంటనే లోపలికి నడిచిన. బయట ఎండ, లోపల నీడ, కండ్లకు నల్లద్దాలు. తలుపు దగ్గర విడిచిన చెప్పుల కుప్ప కనపడక అండ్ల కాలువెట్టి ముందరికి తూలిన. వెంటనే ఇద్దరు పెద్దమనుషులు చెరో రెక్క పట్టుకున్నరు. "మెల్లగ బిడ్డ, మెల్లగ, ఇంకో మెట్టున్నది" అనుకుంట తీసుకపోయి ముందు వరుసల కూసోవెట్టిన్రు. ఒక ముసలమ్మ నా ఒడిల క్యారెట్ల కవరు పెట్టి, తల మీద చెయ్యివెట్టి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. నాకేం సమజైతలేదు. పెండ్లి మాట నడుస్తున్న పిలగాండ్లకు ఇట్ల మర్యాద చేస్తరు కావచ్చు అనుకోని క్యారెట్లు జాగ్రత్తగ పట్టుకున్న. కీబోర్డు పిల్ల నా దిక్కు చూసింది. చూసి, రెండో చరణం మధ్యల తప్పు మెట్టు నొక్కింది.

ఆరాధన అయినంక కండక్టరు మామ నా భుజం మీద చెయ్యేసి, "దా బిడ్డ, జర రోడ్డు దాక పోయొద్దం" అని బస్‌స్టాపు దగ్గరికి తీసుకపోయిండు. యోగక్షేమాలు అడిగిండు. నేను చేతులు కట్టుకోని జవాబు చెప్తున్న. ఇంతల దూరం నుంచి ఒక బస్సు వస్తుంటె ఊకెనే అడిగినట్టు అడిగిండు.

"ఆ వచ్చె బస్సు నంబరేంది బిడ్డ?"

మూడంకెల నంబరు. మొదటి రెండంకెలు టక్కున చెప్పిన. మూడోది స్టిక్కరు ఎనుక పడ్డది.

"మూడోది?" అన్నడు మామ.

నేను తల ఇటు తిప్పిన, అటు తిప్పిన, కోడిపుంజు లెక్క మెడ సాపిన. బస్సు కూడ నాతోటి పాటే కదులుతున్నది. ఆయన ముందర అబద్దం చెప్పబుద్ధి కాలె.

"మూడో దాని జాగల యూవీ అని కనపడుతున్నది మామ" అన్న.

ఆర్టీసీల సర్వీసంత గడిపిన మనిషి, యూవీ నంబరు బస్సును ఎన్నడు చూసి ఉండడు. నా భుజం మీది చెయ్యి మెల్లగ తీసి, నన్ను రోడ్డు దాటిచ్చి, మా అక్కకు అప్పజెప్పి పోయిండు. సాయంత్రం పాస్టరమ్మగారి నుంచి ఫోనొచ్చింది. "ఆ ముచ్చట కొన్ని రోజులు ఆపుదమంటున్నరు. పిలగాని ఆరోగ్యం చూసుకోన్రి." అసలు సంగతి అప్పుడు బయటపడ్డది. అక్క తల పట్టుకోని కూసున్నది. బావ మాత్రం, "స్టిక్కరు పీకినవా ఏంది?" అని అడిగిండు.

ఆ రాత్రి అన్నం సగమే తిన్న. నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది, ఆ పిల్లను మాత్రం చూపున్న కండ్లతోనే పోగొట్టుకుంటున్న గద అని నా బాధ.

ఓ రెండు మూడు రోజులకు నాచారం పారిశ్రామికవాడల సైకిలు చైను ఊడితె ఒక హార్డ్‌వేర్ దుకాణం ముందర ఆగిన. లోపల చేతి తొడుగుల పక్కన, గ్రైండింగ్ చేసెటోళ్ళు పెట్టుకునె అద్దాలు దండ లెక్క ఏలాడుతున్నయి. తెల్లటి అద్దాలు, పక్కల నుంచి కూడ మూసుకోని, మొఖానికి సరిగ్గ ఒంగి ఉన్నయి. నేను వాటిని ల్యాబుల రోజు చూస్తనే ఉన్న, ఎన్నడు మనసుకు తట్టలె. ధర ఒక ప్లేటు బిర్యానీ అంత కూడ లేకుండె.

"ఏం పని భాయ్, గ్రైండింగా?" అన్నడు దుకాణమాయన.

"కాదు, సైకిలుకు."

"సైకిలును గ్రైండింగ్ చేస్తున్నవా?"

వివరంగ చెప్పె ఓపిక లేక తలూపిన.

అవి పెట్టుకుంటె అచ్చం కప్ప మొఖం వచ్చింది. అక్క చూసి, "ఇవి పెట్టుకోని పోతె రెండు కండ్లూ పోయినయనుకుంటరు" అన్నది. చిల్కానగర్ గల్లీల ఒకావిడ నన్ను ఆపి, "బాబు, మా గేటు కొక్కెం ఊడింది, జర వెల్డింగ్ పెట్టి పోతవా" అని అడిగింది. కాదన్నా వినలె, గేటు చూపిచ్చింది, చాయ్ పోసింది. నేను చాయ్ తాగి, కొక్కాన్ని తాడుతోటి కట్టి వచ్చిన. మోజు గీజు అన్నీ అక్కడ్నే వదులుకున్న గని, కండ్లకు మాత్రం దుమ్ము లేదు, పురుగు లేదు. వారం తిరిగెసరికి పాలలెక్క తెల్లగయినయి.

పెద్దసారు పిలిచి మళ్ళా మొఖంల మొఖం పెట్టి చూసిండు. "మానేసినవా?" అన్నడు.

"ఏంది సార్?"

"గదే."

నేను ఒక్క నిమిషం ఆలోచించిన. "మానేసిన సార్" అన్న. మజ్జిగే అయినా, ఆ వారం నిజంగ తాగలె. పెద్దసారు కండ్లల్ల సంతోషం చూడాలె. "చెప్తె విన్నడు, మారిండు" అని అందరికి చెప్పుకుంట నా పర్మనెంటు కాయితం మీద సంతకం పెట్టిండు. ఇప్పటికీ ఆ కంపెనీల పాతోళ్ళు నన్ను తాగుడు మానిన మనిషి కిందనే లెక్కగడతరు.

ఇగ కీబోర్డు పిల్ల ముచ్చట. ఆ శనివారం సాయంత్రం నాచారం రోడ్డు మీద బస్సు కోసం నిలబడి నన్ను చూసి చెయ్యెత్తి ఆపింది. అప్పటిదాక మేం ఒకరితోటొకరం వందనాలు తప్ప ఇంకో మాట మాట్లాడలె. నేను కప్ప అద్దాలతోటే దిగిన. ఆమె దూరంగ నిలబడి, "నేనేం రంగు చున్నీ ఏసుకున్న?" అని అడిగింది.

"ఆకుపచ్చ. అంచుకు ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉన్నది."

ఆమె గబుక్కున ఆ అంచు మడిచి పట్టుకున్నది. "మరి మా నాయినకు బస్సు నంబరు ఎందుకు చెప్పలె?"

"స్టిక్కరు అడ్డమొచ్చింది."

"ఏం స్టిక్కరు?"

మొత్తం చెప్పిన. చష్మాల భాయ్, చాప, బావ గ్యారంటీ, యూవీ బస్సు, అన్నీ. ఆమె మొదలు చున్నీ నోటికడ్డం పెట్టుకోని నవ్వింది, తర్వాత నిలబడలేక బస్‌స్టాపు బల్ల మీద కూసోని నవ్వింది. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి పోయింది. ఆఖరికి కండ్లు తుడుచుకోని, "రేపు చర్చికి ఈ అద్దాలతోటే రా" అన్నది.

"అందరు నవ్వుతరు."

"నవ్వనీ. ఇంతదాక నీ కోసం ఏడ్చిన్రు, జర నవ్వితె ఏమైతది."

పోయిన. చర్చి మొత్తం నా దిక్కే చూస్తున్నది. పాస్టరు గారు సాక్ష్యాలు ఎవరన్న చెప్తరా అన్నరు. అక్క నన్ను మోచేతితోటి పొడిచింది. మైకు ముందర నిలబడ్డ. క్యారెట్లిచ్చిన ముసలమ్మ అప్పటికే చేతులెత్తి స్తుతి చేస్తున్నది. ఆమెను చూస్తె, అవును, చూపు తిరిగొచ్చింది అని చెప్పేస్తె అందరికి సంతోషం గద అనిపించింది. నోరు తెరిచిన గని ఆ మాట రాలె.

"నా చూపు ఎన్నడు పోలె. కండ్లల్ల దుమ్ము పడ్డది. మీరందరు నా కోసం ఏడ్చిన్రు, ప్రార్థన చేసిన్రు, అది మాత్రం నేను మరిచిపోను. ఇప్పుడు నాచారంల ఈ అద్దాలు కొన్న. మంచిగున్నది."

పంకాలు తిరుగుడు వినపడుతున్నది. అక్క తల దించుకున్నది. ఎనుక వరుస నుంచి కండక్టరు మామ లేచి నిలబడ్డడు. ఆయన ఏమంటడోనని నేను కప్ప అద్దాలు సదురుకున్న.

"ఏ దుకాణంల?" అన్నడు.

చెప్పిన. "రెండు మూడు రంగుల్ల ఉంటయా?" అని ఇంకొకాయన అడిగిండు. ముసలమ్మ, "మా మనుమడు బండి మీద పోతడు, వానికి సరిపోతయా బిడ్డ" అన్నది. అప్పుడు మొదలైంది నవ్వు. పాస్టరు గారు కూడ నవ్వుకుంటనే, దుకాణం అడ్రసు ఆరాధన అయినంక చెప్పుకుందం అన్నరు. గేటు దగ్గర కండక్టరు మామ నన్ను పక్కకు పిలిచి, "వచ్చె శనివారం నాకొక జత పట్టుకోని ఇంటికి రా. అన్నం అక్కడ్నే తిందువు" అన్నడు. పిల్లనిస్తమని చెప్పుడు అట్ల కూడ ఉంటదని నాకు సమజ్ కాలె. తొవ్వల బావ స్కూటరు మీంచి అక్క విడమరిచి చెప్తె, సైకిలు దిగి కొంచెంసేపు నడిచిన.

ఆ శనివారం లాలాపేట్ ఫ్లైఓవరు ఎక్కుడు నాకిప్పటికీ యాదికున్నది. సీటు మీంచి లేచి తొక్కుకుంట ఎక్కిన. తల నిండ నూనె, మొఖానికి కప్ప అద్దాలు, జేబుల మామకు కొన్న కొత్త జత. పైకెక్కినంక ఆగి ఊపిరి తీసుకోలె, దిగుడుల బ్రేకు కూడ పట్టలె. గాలికి అంగీ గొడుగు లెక్క ఉబ్బింది. అడ్డమొచ్చినోళ్ళు ఎవరీ పిచ్చోడని చూసి ఉంటరు. నేను మాత్రం ఆ పోచారం గుంపు మొత్తాన్ని ఎనుకేసి పోతున్నట్టే పోయిన. ఇప్పుడు అదే ఫ్లైఓవరు మీద కారుల పోత. పక్కన కూసున్నామె, "జర మెల్లగ" అంటది, నేను అప్పటికే మెల్లగ పోతుంట. అద్దం దించితె అదే గాలి కొడతది. అప్పుడా సన్నటి పిలగాడు, ఒంగి తొక్కుకుంట, ఒక్కడే నవ్వుకుంట నన్ను దాటి పోయినట్టనిపిస్తది. పోనీ అని పక్కకు జరిగి తొవ్వ ఇస్త.